ఒక ముడి పడ్డాక

మెతుకు దగ్గర మొదలైంది.

గంజి వంచిన కుండ మీది మూత తీసి, బాపమ్మ ఒక మెతుకును వేళ్ల మధ్య పెట్టి నలిపింది.

"పలుకున్నది," అంది.

"పలుకు లేదత్తా. జర బిరుసున్నది, అంతే. ఉమ్మగిల్లితె సరిపోతది," అంది కోడలు యాదమ్మ, పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగుతూ.

"బిరుసు వేరు, పలుకు వేరు. మెతుకంత గట్టిగుంటె బిరుసు. నడిమిట్ల తెల్లగ సుక్క కనవడితె పలుకు. ఇగో, సుక్క."

"నీకు ఎదురుంగ మనిషొస్తె కనవడడు, మెతుకుల సుక్క కనవడ్డదా?"

"కండ్లు లేకపోతె యేళ్లు లేవా? ఎన్ని పడుగులు అతికిన యేళ్లో నీకేమెరుక. ఇంకిన్ని నీళ్లు సిలకరిచ్చి పొయ్యి మీద పెట్టు."

"పెడితె ముద్దయితది. అప్పుడు ముద్దయిందని మళ్ల నన్నే అంటవు."

"ముద్దయితె నయం. వియ్యపురాలికి పలుకన్నం పెడితె ఆ ముచ్చట మానుకోట దాంక మోస్తది."

"మోస్తె మోయనీ. ఇన్నొద్దులు ఆమె కాలు మన గడప తొక్కిందా?"

మధ్యగోడకు అవతల, మగ్గం గుంటలో కూర్చున్న యాకమ్మకు ఈ మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె అడ్డపోగు పరిచే నాడె విసరడం ఆపలేదు. వాదనలో తల్లి యాదమ్మ గెలిచినా, నాయనమ్మ బాపమ్మ గెలిచినా, కాసేపట్లో అన్నం అన్నమే అవుతుంది. ఇవాళ వాళ్లిద్దరికీ మెతుకు మీద అంత పట్టుదల ఎందుకో ఆమెకు తెలుసు. మధ్యాహ్నానికి మానుకోట వైపు నుంచి వీరమ్మ వస్తోంది. వెంట కొడుకు పోశాలు వస్తున్నాడు. యాకమ్మకు పోశాలుతో పెళ్లి అయినట్టా, కానట్టా అన్నది ఇవాళ కులపెద్ద ముందర తేలాలి. అది తేలేదాకా ఆ మాట ఎత్తే ధైర్యం లేక అత్తాకోడళ్లు మెతుకును పట్టుకున్నారు.

కొడకండ్లలోని ఆ సాలె ఇంట్లో, సగంలో ఉన్న పనిని ఊరికే సగం అంటే ఒప్పుకోరు. అన్నం పలుకు మీద ఉంటుంది. పాలు తోడుకుంటూ ఉంటాయి, పెరుగు ఇంకా పేరుకోదు. మామిడికాయ దోరగా ఉంటుంది. ఊరి బయట వరి పొట్టకు వస్తుంది, ఈనుతుంది, పాలు పోసుకుంటుంది, ఆ తర్వాతే గింజ గట్టిపడుతుంది. బాపమ్మకు వీటిలో ఒక మాటకు బదులు ఇంకో మాట వాడితే కోపం. "సగమయిందని ఎవ్వలన్న అంటరు. ఎక్కడి దాంక అయింది? గది సెప్పు," అని గద్దిస్తుంది. అలాంటి ఇంట్లో కూడా యాకమ్మ ఉన్న స్థితికి పేరు దొరకలేదు.

ఆ పెళ్లి 1948 వైశాఖంలో ఈ వాకిట్లోనే పెట్టుకున్నారు. పందిరి వేశారు. జీలకర్ర బెల్లం అయింది. పుట్టింటి పుస్తె, అత్తింటి పుస్తె రెండూ పసుపుతాడుకు గుచ్చి అయ్యగారు పోశాలు చేతికి ఇచ్చారు. పోశాలు నిజాం మీద కొట్లాడే సంఘంలో తిరిగే మనిషని కొడకండ్లలో అందరికీ తెలుసు. ఆ సంగతి, పెళ్లి ఫలానా రోజన్న సంగతి రజాకార్ల దాకా పోయిందని మాత్రం పెళ్లివాళ్లకు తెలియదు. ఆడబిడ్డ వెనక దీపం పట్టుకుని నిలబడింది. మొదటి ముడి పడింది. రెండో ముడికి పోశాలు తాడు కొసలు అందుకుంటుండగా ఊరి చివర తుపాకి పేలింది.

ఎవరో అతని భుజం పట్టి లేపి దొడ్డిగోడ వైపు నెట్టారు. అతను గోడ దూకడం మాత్రమే యాకమ్మ చూసింది. అయ్యగారు తలంబ్రాల పళ్లెం చంకన పెట్టుకుని, మంత్రం ఆపకుండానే గడ్డివాము వెనక్కి పోయారు. ఆ ముచ్చట చెప్పుకుని నవ్వడానికి ఊరికి చాలా కాలం పట్టింది.

పక్కింటి అజీజ్‌బీ యాకమ్మను చెయ్యి పట్టి లాక్కుపోయింది. అజీజ్‌బీది నూలుకు రంగు వేసే ఇల్లు. దండెం మీద ఆరేసిన నీలిరంగు నూలు చిలపల వెనక పిల్లను కూర్చోబెట్టి, తాను గుమ్మంలో నిలబడింది. వెతుకుతూ వచ్చిన రజాకార్లతో ఉర్దూలో గట్టిగా మాట్లాడింది. లోపలన్నీ రంగు తొట్లే, కాలు పడితే మరక పోదు, చూసి నడవమంది. వాళ్లు తమ కాళ్ల వైపు ఒకసారి చూసుకుని, గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగారు.

చిలపల వెనక కూర్చున్న యాకమ్మకు మెడలో తాడు జారుతున్నట్టు తెలిసింది. ఒక్క ముడి నిలవదు. ఒక్క మెలికతో వదిలిన పోగు మగ్గం కదలగానే విడిపోతుందని సాలె ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. పుస్తెలు జారితే పక్కనున్న తొట్టిలోనే పడతాయి. ఆమె తాడు కొసలు ముందుకు లాక్కుంది. తెగిన పోగుకు వేసినట్టే ఒక నేతముడి వేసింది. దాని మీద ఇంకొకటి వేసి బిగించింది. అప్పుడు ఆమె మనసులో పెళ్లి లేదు. రెండు పుస్తెలు ఉన్నాయి, పక్కన తొట్టి ఉంది, అంతే. అజీజ్‌బీ వెనక్కి తిరిగి ఆ చేతులను చూసింది.

పోశాలు దళంలో కలిశాడనీ, భూపాలపల్లి అడవుల్లోకి పోయాడనీ తర్వాత కబురు వచ్చింది. రజాకార్లు పోయారు, సంఘంవాళ్లను వెతుకుతూ యూనియన్ మిలిటరీ వచ్చింది. ఊళ్లో క్యాంపు పడింది. పోశాలు పెండ్లాం ఇల్లు ఏదని సిపాయిలు అడుగుతూ వచ్చారు. యాకమ్మ తాడును రవికె లోపలికి దోపుకుంది. తండ్రి రాజయ్య చేతులు జోడించి, "లగ్గం కాలేదు దొరా, నడుమనే ఆగింది," అన్నాడు. అక్కడ మానుకోట దగ్గర వీరమ్మ కూడా, "ఆ పిల్లెవలో మాకెరుక లేదు," అందట. ఆ అబద్ధం తనను కాపాడిందని యాకమ్మకు తెలుసు. దాన్ని ఆమె తప్పు పట్టలేదు.

కానీ తర్వాతి ఏడు జనగామ నుంచి ఒక సంబంధం వచ్చినప్పుడు కులంవాళ్లే అడ్డం తిరిగారు. "ముడి పడ్డ పిల్ల. ఇస్తె మారుమనువు కిందనే ఇయ్యాలె," అన్నారు. మారుమనువంటే పందిరి ఉండదు, బాజా ఉండదు, ఇంట్లో నలుగురి మధ్య కానిచ్చేస్తారు. సిపాయిలకు కాని పెళ్లి కులానికి అయింది. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెకు ఒంటిముడి అని పేరు పెట్టారు. "ఓ ఒంటిముడీ, జర ఆ చేద అందుకో," అనేవాళ్లు. యాకమ్మ చేద అందించేది. "ముడి గురించి నాకు తెల్వదా, నువ్వు చెప్పాల్నా? చీర కొసకు ఏసుకున్న ముడి సూసుకో, ఊడుతున్నది," అనేది. ఆ పేరుతో పిలిచి పిలిచి వాళ్లకే విసుగు పుట్టింది.

ఈ ఏడు, 1951 మొదట్లో జనాభా లెక్కలకు వచ్చిన పంతులు కూడా చిక్కులో పడ్డాడు.

"పెండ్లయిందా, కాలేదా? రెండిట్ల ఒకటి చెప్పాలె," అన్నాడు.

రాజయ్య నసిగాడు.

"పలుకు మీదున్నదని రాస్కో పంతులూ," అంది బాపమ్మ.

పంతులు నవ్వి, ఏదో రాసుకుని పోయాడు. ఏం రాశాడో ఎవరూ అడగలేదు.

ఈలోగా రాజయ్య కళ్లు మసకబారాయి. సన్నపోగు తెగితే కనిపించడం మానేసింది. ఒకనాడు యాకమ్మ ఎవరినీ అడగకుండా గుంటలోకి దిగి నాడె అందుకుంది. ఆడపిల్ల గుంటలోకి దిగుడేందని నలుగురూ అన్నారు. ఆమె నేసిన బట్ట అంచు చూశాక ఆ నలుగురే తమ చీరలు నేసిపెట్టమని వచ్చారు. ఇప్పుడు ఆ ఇల్లు ఆ మగ్గం మీదే నడుస్తోంది.

పోరాటం ఆపేశారన్న కబురు ఈ కార్తీకానికి ముందే ఊరూరా తెలిసింది. అడవి నుంచి ఒక్కొక్కరే ఇళ్లకు చేరుతున్నారు. పోశాలు కూడా తల్లి దగ్గరికి చేరాడు. కొడుకు ఇల్లు చేరిన వారానికే వీరమ్మ కబురు పంపింది: కోడలిని తోలుకపోవడానికి వస్తున్నామని.

ఎండ వాకిలి నిండా పరుచుకున్నాక వాళ్లు వచ్చారు. ముందు వీరమ్మ, వెనక పోశాలు. పెళ్లినాడు నున్నగా ఉన్న ముఖంలో ఇప్పుడు దవడలు తేలాయి. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. యాదమ్మ గుర్తుపట్టలేదు.

"ఈయనెవలు వదినె?" అంది.

"నీ అల్లుడే వదినె," అంది వీరమ్మ, అల్లుడన్న మాటను నొక్కి.

"అల్లుడా కాదా తేల్చనీకేనాయె పెద్దమనిషిని పిలిచింది," అంది లోపలి నుంచి బాపమ్మ. "నువ్వు గడపలనే తేల్చితివి. మరి దుర్గయ్యను ఇంటికి పొమ్మందామా?"

కులపెద్ద దుర్గయ్య అప్పటికే వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎవరేం చెప్పినా తల ఊపుతూ వినడం ఆయన అలవాటు. దాన్ని చూసి ప్రతివాళ్లూ ఆయన తమ వైపే ఉన్నాడనుకుంటారు. రంగు వేసిన చిలపలు ఇచ్చిపోదామని వచ్చిన అజీజ్‌బీ, మనుషులను చూసి గడప పక్కన కూర్చుంది. వెళ్లమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

యాకమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. అందరికీ మంచినీళ్లు ఇచ్చింది. చివర పోశాలుకు చెంబు అందించింది. పెళ్లిపీట మీద చూసిన తర్వాత మళ్లీ ఇప్పుడే చూడటం.

"మంచిగున్నవా?" అన్నాడు పోశాలు.

"మంచిగనె ఉన్న. కాలుకేమైంది?"

"ముల్లు దిగింది. సీమువట్టింది. అడివిల మందు దొరకలే."

"మానలేదా ఇంక?"

పోశాలు కాలు వైపు చూసుకున్నాడు. "పైన తోలు కట్టింది. లోపట ఇంక పచ్చిగనె ఉన్నది," అన్నాడు.

యాకమ్మ తల ఊపి చెంబు తీసుకుంది. అందరిలా మంచిగైందని చెప్పి ఊరుకోలేదు ఇతను, అనుకుంది.

వీరమ్మ ఆలస్యం చేయలేదు. "పెద్దయ్యా, అయిన లగ్గానికి పంచాయితేంది? పిల్ల మెడల మూడు ముళ్లున్నయి, సూసుకోండ్రి. మా ఇంట్ల మగ్గం ఒట్టిగ పడున్నది. నాకు చెయ్యి లేస్తలేదు. ఇయ్యాల్నే నా కోడల్ని తోలుకపోత."

"ఇన్నొద్దులు ఏడవోయింది చెల్లె నీ కోడలు?" అన్నాడు రాజయ్య. "మిలిట్రీ అడిగితె ఎవలో ఎరుకలేదంటివట."

"నువ్వనలేదా అన్నా? నువ్వు గూడ గదే అన్నవు. నా కొడుకును ఎతుకుతున్నోళ్లకు, నా కోడలు గా ఇంట్లున్నదని నేనే తొవ్వ చూపాల్నా? గప్పుడు అవునంటె ఇయ్యాల నీ బిడ్డ నీ ముంగట నిలవడేదా?"

రాజయ్య కండువా తీసి భుజం మార్చుకున్నాడు.

"ఇద్దరన్నరు, ఇద్దరు మంచిగనె అన్నరు," అన్నాడు దుర్గయ్య తల ఊపుతూ. "గది అయిపోయిన ముచ్చట. బిడ్డా, జర గా తాడు చూపియ్యి."

యాకమ్మ తాడు మెడలోంచి తీయలేదు. ముడి ఉన్న చోటును భుజం మీదికి లాగి, మంచం దగ్గర వంగింది. దుర్గయ్య పసుపు గట్టిపడిన ఆ ముళ్లను వేళ్లతో అటూ ఇటూ దొర్లించాడు. రాజయ్య దగ్గరికి వచ్చి, కనిపించకపోయినా తానూ తడిమాడు. వీరమ్మ తల దూర్చింది. అందరూ ముళ్ల మీద బతికేవాళ్లే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మొదటిది మామూలు ముడి," అన్నాడు దుర్గయ్య. "గీ రెండు నేతముళ్లు. బగ్గ బిగిచ్చి ఉన్నయి. ఏమ్‌రా పోశాలూ, తుపాకులు పేలంగ గింత సక్కటి నేతముడి ఎట్ల ఏసినవ్‌రా? కూసుండి తాంబూలం నముల్కుంట ఏసినట్టున్నది."

"నా కొడుకు చేతిపనే గట్లుంటది," అంది వీరమ్మ.

"నేను ఒక్కటే ఏసిన పెద్దయ్యా," అన్నాడు పోశాలు.

వీరమ్మ మోచేత్తో పొడిచింది. "నోరు మూస్కోరాదు!"

"ఎందుకవ్వా? ఏసింది ఒక్కటే. రెండోదానికి కొసలు అందుకున్న, గప్పుడే సప్పుడైంది. పందిట్ల ఉన్నోళ్లందరికి ఎరుకనే."

"మరి గీ రెండు ఎవలేసిండ్రు?" అన్నాడు దుర్గయ్య.

"నేనే ఏసుకున్న," అంది యాకమ్మ.

ముందు వీరమ్మే తేరుకుంది. "ఆడిపిల్ల తన మెడల తానే ముడేసుకునుడా? ఎక్కడన్న ఇన్నమా గిది?"

"నేను చూసిన," అంది గడప దగ్గర నుంచి అజీజ్‌బీ. "నా ఇంట్లనే ఏసింది. బిడ్డ పాణం గజగజ వనుకుతున్నది గని ముడి సక్కగ పడ్డది. లేకపోతె నీ పుస్తె నా తొట్ల పడేది వీరమ్మా. ఇయ్యాల్టిదాంక దేవులాడుకుంట ఉండేటోళ్లం. బంగారం నీలం రంగెక్కి తేలేది."

యాదమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయితె లగ్గం మూడు పాళ్లల్ల ఒక పాలు అయినట్టు," అన్నాడు దుర్గయ్య.

"అంటె సగం గూడ కాలే," అన్నాడు రాజయ్య.

"జీలకర్ర బెల్లం ఏ లెక్కల పోయిందిరా?" అంది బాపమ్మ. "గది పడ్డంక పలుకు పోయినట్టే."

"బిరుసుండొచ్చు," అంది యాదమ్మ మెల్లగా.

"ఇగ సూడు, నా మాటనే నాకు ఒప్పజెప్తది!"

దుర్గయ్యకు చిక్కు విడలేదు. ఆయన ఒక్కొక్క దారీ బయట పెట్టాడు. యాకమ్మ వేసిన రెండు ముళ్లూ విప్పి, ఆగిన చోటి నుంచి పోశాలుతో వేయిద్దామన్నాడు. పుస్తెతాడు ముడి విప్పడం మంచిది కాదు, అంతకంటే మొత్తం పెళ్లి మళ్లీ చేద్దామన్నాడు రాజయ్య. ఒకే పిల్లకు ఒకే పిల్లగానితో రెండు పెళ్లిళ్లా, ఊరు నవ్వదా అంది వీరమ్మ. అట్లయితే తాడు తెంచి ఎవరి దారి వాళ్లు చూసుకోవచ్చు, జనగామ సంబంధం ఇంకా అట్లాగే ఉందని రాజయ్య నేల చూస్తూ అన్నాడు. ఆ మాటకు యాదమ్మ మొగుణ్ని కొరకొర చూసింది.

"నువ్వేమంటవ్‌రా?" అని దుర్గయ్య పోశాలును అడిగాడు.

పోశాలు అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. "నేనేమంట పెద్దయ్యా. అడివిల తోటోళ్లు అడిగేది, లగ్గమయిందా అని. మొదలుపెట్టి వచ్చిన అని చెప్పేది. గదేం జవాబని నవ్వేది. మల్ల ఏం చెప్పాలె? అయిందంటె అబద్ధం, కాలేదంటె అబద్ధం." అతను యాకమ్మ వైపు చూశాడు. "తతిమ్మది ఆమె ఇష్టం. వద్దంటె నేను ఏసిన ముడి నేను ఇప్పి పోత. మిగిలినవాటి జోలికి నేను రాను. అవి నావి కావు."

యాకమ్మ దర్వాజ పట్టుకుని నిలబడి వింది. ఇన్నాళ్లూ ఈ పెళ్లి గురించి ఆమె విన్న మాటలన్నీ ఎవరికో ఒకరికి అక్కరకొచ్చేవి. అయిందన్నవాళ్లకు అయితే పని జరుగుతుంది. కాలేదన్నవాళ్లకు కాకపోతే గండం తప్పుతుంది. ఇతను ఒక్కడే తాను ఎక్కడి దాకా చేశాడో అక్కడి దాకా చెప్పి ఆగాడు. ఒక ముడిని ఒక ముడే అన్నాడు. అది కూడా, మూడు అంటే ఇవాళే భార్యను వెంట తీసుకుపోగలిగే చోట.

మరి తన రెండు ముళ్లు? ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. పుస్తెలు పోకుండా వేసుకుంది, నిజమే. ఆ భయం ఆ సాయంత్రానికే తీరింది. నేతముడిని ఎటు నెడితే విడుతుందో ఆమెకు తెలియక కాదు. జనగామవాళ్లు వచ్చిన నాడు, తాడు తీసి పెట్టెలో దాచమని తల్లి బతిమాలింది. ఆమె తీయలేదు. ఎందుకు తీయలేదో అప్పుడు తనకు కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుంది.

"ముందుగాల తిందాం," అన్నాడు దుర్గయ్య మంచం దిగుతూ. "కడుపు కాలుతుంటె నాకు ఏదీ తోచది."

మధ్యింట్లో మోదుగాకు విస్తర్లు వేశారు. దుర్గయ్య, రాజయ్య, పోశాలు ఒక వరుసలో కూర్చున్నారు. వాళ్లకు ఎదురుగా చుట్టమని వీరమ్మను, పెద్దదని బాపమ్మను కూర్చోబెట్టారు. అజీజ్‌బీ తాను తినే వచ్చానని గడప దగ్గరే ఉండిపోయింది. యాదమ్మ అన్నం పెట్టింది. యాకమ్మ చిక్కుడుకాయ కూర, చారు వడ్డించింది. అందరి విస్తర్లూ నిండాయి. అప్పుడామె గిన్నె పక్కన పెట్టి, ఇంకో విస్తరి తెచ్చి బాపమ్మ పక్కన వేసుకుని కూర్చుంది.

వీరమ్మ కనుబొమలు లేచాయి. బాపమ్మ జరిగి చోటిచ్చింది.

"పెద్దయ్యా, నేనొక మాట చెప్త," అంది యాకమ్మ.

"చెప్పు బిడ్డా."

"గీ మూడు ముళ్లల్ల ఒకటి ఆయినది. రెండు నావి. ఎక్కువ ఏసింది నేను. అందుకె మాట గూడ నాదే చెల్లాలె."

దుర్గయ్య చేతిలోని ముద్ద నోటి దాకా పోయి ఆగింది.

"బిడ్డా..." అన్నాడు రాజయ్య.

"చెప్పనియ్యి బాపూ. అజీజ్‌బీ పెద్దమ్మ ఇంట్ల నేను లగ్గమని ఏసుకోలే. పుస్తెలు పడిపోతయని ఏసుకున్న. గని తర్వాత ఎన్నడు ఇప్పుకోలే. ఇప్పుకోవద్దనె ఇప్పుకోలే. అందుకె అవి నావి. ఇప్పుడు ఎవలకోసం ఇప్పను, ఎవలతోని మల్ల ఏయించుకోను. ఈ లగ్గం అయింది."

"గదే గదా నేను పొద్దటిసంది మొత్తుకుంటున్న!" వీరమ్మ మొహం విచ్చుకుంది. "ఇగ తినంగనె బయలెల్లుదాం..."

"నువ్వన్నది వేరు, నేనన్నది వేరు అత్తా. నీ కొడుకు మూడేసిండు, కోడలు నీదయింది అన్నవు నువ్వు. ఆయినె ఒకటేసిండు, తతిమ్మయి నేనేసిన అంటున్న నేను. మానుకోటకు నేను రాను. బాపుకు పోగు కనవడుతలేదు, ఈ ఇంట్ల మగ్గం నడిపేది నేను. ఆయినె ఈడ్కె వస్తడు. నా గుంట పక్కన ఇంకో గుంట తవ్వుతం. నువ్వు గూడ రా. ఒక్కదానివి ఆడ ఏం జేస్తవు?"

"ఇల్లరికమా? నా కొడుకా?" వీరమ్మ విస్తరి ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసింది.

"ఇన్నేండ్లు అడివిల పండిండు," అంది బాపమ్మ. "మా ఇల్లు ఇరుకైతదా నీ కొడుక్కు?"

"నువ్వుండు అత్తా," అంది యాదమ్మ. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా అన్నం గిన్నె పట్టుకుని వంగింది.

దుర్గయ్య ముద్ద మింగి, నీళ్లు తాగి, పోశాలు వైపు తిరిగాడు. "ఏమంటవ్‌రా?"

పోశాలు చారులో అన్నం కలుపుతున్నాడు. తల ఎత్తలేదు. అతని పెదవుల చివర నవ్వు అందరికీ కనబడింది.

"ఎక్కువ ముళ్లు ఆమెవే పెద్దయ్యా," అన్నాడు.

దుర్గయ్య పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత ఎప్పటిలాగే తల ఊపాడు. ఈసారి ఆయన ఎవరి వైపు ఉన్నాడో ఎవరికీ అనుమానం లేదు. రాజయ్య మసక కళ్లతో కూతురు కూర్చున్న వైపే చూస్తున్నాడు. ఎడమచేత్తో నేల తడిమి నీళ్ల చెంబు దొరకబుచ్చుకుని, దాన్ని అల్లుడి విస్తరి దగ్గరికి జరిపాడు.

వీరమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కొడుకు తింటుంటే చూసింది. అడవి నుంచి వచ్చాక అతను ఇంత కుదురుగా కూర్చుని తినడం చూడటం ఆమెకు ఇదే మొదలు. చివరకు మళ్లీ విస్తరిలో చెయ్యి పెట్టింది.

"గుంట ఏ దిక్కు తవ్వుతరు?" అంది, ఇంకా కోపంగానే.

"తూర్పు కిటికీ కాడ," అంది యాకమ్మ. "ఆయినె కాలు మానేదాంక ఆగేది లేదు. రేపు పొద్దుగాల్నే పలుగు తెప్పిస్త. ఎంత లోతు కావాల్నో నీ కొడుకు ఎత్తు చూసి నువ్వే చెప్పాలె అత్తా."